యాభైమూడో భాగానికి రావలసిన మనిషి

ఫిబ్రవరి తొమ్మిది, సోమవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలు. పదకొండేళ్ల కిందటి నా డైరీలో ఆ పని మొదలైన క్షణం ఇలా నమోదై ఉంది. ఈ ఏడాది గోడకు కొత్త క్యాలెండరు తగిలిస్తూ, అలవాటు కొద్దీ పాత డైరీలతో సరిచూసుకుంటే, ఆ ఏటి తారీఖులూ వారాలూ ఈ ఏటివాటితో ఒక్కటీ తేడా లేకుండా కలిశాయి. ఫిబ్రవరి తొమ్మిది మళ్లీ సోమవారమే. ఏప్రిల్ పదిహేను మళ్లీ బుధవారమే. జూన్ పదిహేను మళ్లీ సోమవారమే. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. జరిగిపోయిందనుకున్నది తారీఖు వెంట తారీఖుగా మళ్లీ నడిచి వస్తున్నట్టుంది. రాసిపెడితే బరువు కొంత దిగుతుందేమోనని కూర్చున్నాను.

అప్పటికి నాకు నలభై రెండేళ్లు. కంచరపాలెంలో కాపురం, రేవు దగ్గర ఓడల ఏజెంటు కార్యాలయంలో ఉద్యోగం. ఏ ఓడ ఏ గంటకు లంగరు వేసింది, ఏ గంటకు లోపలికి వచ్చింది, ఏ గంటకు వెళ్లిపోయింది అన్నది తప్పు లేకుండా రాయడమే నా పని. పెళ్లికి ముందునుంచీ రేడియోకు నాటికలు రాసేదాన్ని. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నాటిక పంపిన ఆరు నెలలకు ఒక కార్డు వచ్చేది. తీసుకున్నామనో, తీసుకోలేదనో అందులో ఒక్క ముక్క ఉండేది. ఆ ఒక్క ముక్క ఎంత గొప్పదో టీవీ వాళ్ల దగ్గరికి వెళ్లాకగాని నాకు తెలిసిరాలేదు.

ఆ సోమవారం ఫోన్ చేసింది హైదరాబాదులోని ఒక ఛానల్లో కథల విభాగం చూసే అమ్మాయి. నా నాటిక ఎవరో వినిపించారట, సముద్రపు ఒడ్డు కథతో రోజువారీ సీరియల్ కావాలంది. ముందు నాలుగు వాక్యాలు పంపమన్నారు. అవి నచ్చితే నాలుగు పేజీలు, ఆ పైన మొత్తం కథ భాగాలవారీగా, ఆ పైన మాటలతో సహా మూడు భాగాలు నమూనాకు. ఇన్ని మెట్లు ఎక్కించినా, ఈ పని నీదేనని ఏ మెట్టు మీదా ఎవరూ కాగితం మీద పెట్టరు. నచ్చిందని చెప్పిన మనిషి మరుసటి నెలకు ఉద్యోగం మారిపోతే, కొత్తగా వచ్చిన మనిషికి కథంతా మొదటినుంచి చెప్పుకోవాలి. ప్రసారం మొదలయ్యేలోగా నేను ముగ్గురికి చెప్పాను. అయినా కథా మాటలూ రెండూ నావే అన్నారు గనుక, ఆఫీసులో మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టేశాను.

ఆ కథ నిజానికి నాది కాదు, మా పిన్నిది. చుట్టరికం చేత పిన్ని కాదు. భీమునిపట్నం పక్క పల్లెనుంచి పొద్దున్నే బస్సెక్కి మా వీధికి చేపల బుట్ట తెచ్చే మనిషి. అమ్మకం అయ్యాక మా అరుగు మీద కూర్చుని టీ తాగి వెళ్లేది. ఆవిడ భర్త, వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలానికి వేట ఆపించే నిషేధం రేపు మొదలవుతుందనగా, ఆఖరి వేటకని ఇంజను బోటు మీద వెళ్లి తిరిగి రాలేదు. రెండు రోజులు వెతికారు. ఆ తరువాత ఊరి బోట్లన్నీ ఒడ్డెక్కిపోయాయి. నిషేధం ముగిసేదాకా ఎవరి బోటూ నీళ్లలోకి దిగకుండా, ఎదురుగా సముద్రం ఖాళీగా ఉండగా, ఒక ఆడమనిషి ఎదురుచూడడం, అదే కథ. నాతో చెప్పేనాటికి తొమ్మిదేళ్లయింది. శవం దొరకలేదు, కర్మ చేయలేదు, ఆవిడ బొట్టూ గాజులూ తీయలేదు. ఏటేటా నిషేధం ముగిసే వేళకు భర్త అన్నగారు వచ్చి, ఇకనైనా కర్మ జరిపించాలని పంచాయితీ పెట్టేవాడు.

కథ ఇవ్వడానికి పిన్ని పెట్టిన షరతు ఒక్కటే. "సెప్తాను గానీ పాపా, మాయన్ని సంపకు. నిజంగా రానోడు టీవీలోనైనా ఒడ్డుకి రావాల."

మాట ఇచ్చాను. డైరీలో ఆ గంట కూడా ఉంది.

నేను చేసిన తప్పు, ఓడల రిజిస్టరు రాసే మనిషి మాత్రమే చేయగల తప్పు. ఆ ఏడు నిషేధం అరవై ఒక్క రోజులు. అందులో ఆదివారాలు తొమ్మిది తీసేస్తే యాభై రెండు భాగాలు. మొదటి భాగం ఏప్రిల్ పదిహేను బుధవారం. బోట్లు మళ్లీ దిగే జూన్ పదిహేను సోమవారం యాభైమూడో భాగంలో, ఒరిస్సా వైపు బోటు మీద అతను తిరిగి వస్తాడు. కథలో ఒక రోజుకు ఒక భాగం చొప్పున పట్టిక వేసి గోడకు అంటించాను. మా ఆయన అది చూసి, "నువ్వు సీరియల్ రాస్తన్నావా, ఓడల రాకపోకలు రాస్తన్నావా? ఆడొచ్చే గంట కూడా ఏసీసేవేటి?" అని నవ్వారు. వేశాను. ఉదయం అయిదున్నర.

సీరియల్లో రోజు ఇరవై నాలుగు గంటలు ఉండదని నాకెవరూ చెప్పలేదు. నేను ఒక పేజీలో రాసిన సంగతిని వాళ్లు ఒక భాగమంతా తీసేవారు. అత్తగారు తలుపు తీసి కోడలిని చూడడానికి, కోడలు తలెత్తడానికి మధ్య ప్రకటనలు రెండు సార్లు వచ్చేవి. కథలో ఒక రోజు గడవడానికి నాలుగు భాగాలు పట్టింది. ముప్పై ఆరో భాగానికి నిషేధం తొమ్మిదో రోజు దగ్గరే ఉంది. ఆ లెక్కన అతను ఒడ్డుకు రావాలంటే రెండు వందల నలభై భాగాలు పైన కావాలి. రోజూ పట్టిక ముందు నిలబడి మళ్లీ లెక్కపెట్టేదాన్ని. పిన్ని మాత్రం బుట్ట దింపి అడిగేది: "మీ సీరియల్లో తెల్లారదేటి పాపా? మా ఊరోళ్లు అడుగుతన్నారు."

ఊరంతా చూస్తున్నారని అప్పుడే తెలిసింది. ఇది తన కథేనని ఆవిడే అందరికీ చెప్పుకుంది.

సీరియల్‌ను ఎందరు చూశారో తేల్చే అంకె గురువారం గురువారం వస్తుంది. మే ఇరవై ఎనిమిది గురువారం మధ్యాహ్నం కథల విభాగంలోకి మూడో మనిషిగా వచ్చిన అమ్మాయి ఫోన్ చేసి, అంకె పడిపోయిందనీ, హీరో చనిపోయాడన్న కబురు తేవాలనీ, శనివారం సాయంత్రానికి ఆ భాగాలు కావాలనీ చెప్పింది. నేను షరతు సంగతి చెప్పబోతే అడ్డుకుని, "ఒక్క వారం ఏడిపిద్దాం మేడమ్. అంకె లేచాక మీకు కావాలంటే బతికిద్దాం" అంది. మర్యాదగానే అంది. ఆ మాట నాకు ఒక పూటంతా ఊరటగా కూడా తోచింది, అబద్ధమెందుకు చెప్పాలి.

శుక్రవారం భీమునిపట్నం బస్సెక్కాను. పిన్ని వల బాగుచేస్తూ కూర్చుని ఉంది. విషయం విని చేతిలో ఉన్న ముడి పూర్తిచేసింది. తరువాత, "మీ టీవీవోళ్లకి మాయన మీద ఏటి కోపం?" అంది. నవ్వబోయి ఆగిపోయింది. మెల్లగా చెప్పుకొచ్చింది. భర్త అన్నగారు, ఆ పంచాయితీ పెట్టే బావగారే, ఆ ఏడు ఊళ్లో అందరి ముందూ అన్నాడట: "ఆ సీరియల్లో ఆడు ఒడ్డుకొత్తే నానింక నోరెత్తను. సచ్చిపోతే మట్టుకు గాజులు తీసీయాల." పిన్ని అందుకు సరేనంది. నా మాట మీద నమ్మకంతో సరేనంది.

శనివారం పొద్దున్న ఒక గంట సేపు నేను ఏడుపే రాయబోయాను. పిన్ని ఎలా ఏడుస్తుందో నాకు తెలుసు; పైకి శబ్దం రాదు, ముంగిట్లో ఉన్న పనినే మళ్లీ మళ్లీ చేస్తుంది, ఊడ్చిన చోటే ఊడుస్తుంది. నాలుగు వాక్యాలు పడ్డాయి. అవి నేను రాసినవాటన్నిటిలోకీ బాగున్నాయి. భయం వేసి కొట్టేశాను. వాటి బదులు, బోటు చెక్క ముక్క ఒకటి ఒడ్డుకు కొట్టుకొస్తే, ఆ ఇల్లాలు దాన్ని మంచినీళ్లతో కడిగి, ఎండబెట్టి, తలుపు వెనక నిలబెట్టి, వచ్చినవాళ్లకు ఇది మా బోటుది కాదని చెప్పి పంపేసే ఏడు పేజీలు రాశాను. సాయంత్రం ఆరుకు పంపాను. సీన్ బాగుందనీ, ఏడుపు లేదనీ ఆదివారం కబురు వచ్చింది. తిరిగి రాయనన్నాను. సోమవారం, జూన్ ఒకటిన, నా పేరు తీసేశారు.

ఆ రెండు వారాలు నాకు అన్నం సయించలేదు. నేను రాయకపోవడం వల్ల ఎవరికి ఏం ఒరిగింది? ఎవరో ఒకరు రాస్తారు. అతను చనిపోతాడు, గాజులు పోతాయి. మాట నిలబెట్టుకోలేదు సరికదా, కలం కూడా చేతిలో లేకుండా చేసుకున్నాను.

జూన్ పదిహేను సోమవారం సాయంత్రం ఏడు గంటలకు పిన్ని ఇంట్లో పాతికమంది ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. బావగారు గడప మీద. అవును, యాభైమూడో భాగమే. అతను చనిపోయాడన్న కబురు వచ్చింది. తెర మీద ఆ ఇల్లాలు పట్టుచీరలో పరిగెత్తి, ఇసుకలో పడి, ఉరుములతో పోటీపడి అరిచింది. గాజులు పగలడం మూడు వైపులనుంచి చూపించారు. నేను పిన్ని వైపు చూడలేక నా మోకాళ్లు చూసుకుంటున్నాను.

అందరికంటే ముందు పిన్నే మాట్లాడింది.

"ఇదెవులమ్మా? నాను కాదు. నాను అలగ ఏడవను."

"పట్టుసీర కట్టుకొని సేపలెలాగ అమ్ముద్దే ఇది?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. గదంతా నవ్వింది. బావగారు కాసేపు తెరను చూసి, చుట్ట చెవిలో పెట్టుకుని, "అవును, ఇది మరెవులిదో కత" అంటూ లేచి వెళ్లిపోయాడు. బస్సు దాకా సాగనంపుతూ పిన్ని నాతో, "మాటలు నీయి కావని మొదట్లోనే తెలిసిపోయింది పాపా" అంది.

తిరుగు బస్సులో నాకు శనివారం కొట్టేసిన కాగితం గుర్తొచ్చింది. ఆ నాలుగు వాక్యాలు నేను కొట్టేయకుండా పంపి ఉంటే, ఆ గదిలో ఎవరూ నవ్వి ఉండేవారు కాదు. అందరూ ఆవిడను గుర్తుపట్టేవారు, బావగారి మాటే నెగ్గేది. ఆ శనివారం గంట తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

ఇప్పుడు సీరియళ్లు ఎనిమిది భాగాలుగా ఒకేసారి వదులుతున్నారు, అయిదారుగురు కలిసి ఒక గదిలో కూర్చుని రాస్తున్నారని విన్నాను. గురువారాల భయం కొంత తగ్గి ఉండవచ్చు. కానీ చూసేవాళ్లు తలా ఒక ఫోనులో తలా ఒక మూల చూస్తున్నారు. తన కథను ఎవరైనా తప్పుగా చూపిస్తే, నేనిలా ఏడవనని పైకి అనడానికి ఒక గదీ, విని ఒప్పుకోవడానికి గడప మీద ఒక మనిషీ ఎక్కడున్నారో నాకు తెలియదు. పిన్ని ఇప్పుడు బుట్ట ఎత్తడం లేదు, మోకాళ్లు సహకరించడం లేదు. నెలకొకసారి నేనే వెళ్లి చూసి వస్తున్నాను.

పోయినవి: తెర మీద నా పేరు, రాసి ఇచ్చినా తీయని ఆరు భాగాలు, మూడు నెలల సెలవు, మళ్లీ ఏ ఛానలైనా పిలుస్తుందన్న ఆశ, ఒడ్డుకు రావలసిన మనిషి.

మిగిలినవి: ఏడు పేజీలు; పోయిన ఆదివారం నేను చూసినప్పుడు, పిన్ని కుడిచేతికి అయిదు గాజులు, ఎడమచేతికి ఆరు.