వాసన వస్తోందా అమ్మా?

మా అత్తయ్య పోయారు. మొన్న శుక్రవారం పొద్దున, అమెరికాలో సియాటిల్ పక్కనున్న బాతెల్‌లో మా ఇంట్లోనే కన్నుమూశారు. పరామర్శకు వచ్చినవాళ్లంతా ఆవిడ ఓపికనూ భక్తినీ తలుచుకుంటున్నారు. నాకు మాత్రం డూరియన్ పండే గుర్తొస్తోంది.

అత్తయ్య మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ. ఎప్పుడో రబ్బరు తోటల్లో పనికి వెళ్లిన కుటుంబం. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఒకరోజు ఇల్లంతా కుళ్లిన ఉల్లిపాయల కంపు. గ్యాస్ లీకవుతోందని కిటికీలన్నీ తెరిచి ఫోన్ దగ్గరకు పరుగెత్తాను. గరాజ్‌లో పేపర్ పరుచుకుని, పనసలాంటి ముళ్ల డూరియన్ కాయ ముందేసుకు కూర్చున్న అత్తయ్య పకపకా నవ్వారు.

"గ్యాసూ లేదు, గీసూ లేదు. ఇలా వచ్చి కూర్చో తల్లీ. వాసన సంగతి తర్వాత, ముందు తిను."

ముక్కు మూసుకుని ఒక తొన నోట్లో పెట్టుకున్నాను. చిక్కటి మీగడలో తాటిబెల్లం కలిపినట్టుంది. ఇంకోటి అడగడానికి సిగ్గుపడుతుంటే ఆవిడే పెట్టారు. తిన్నాక ఖాళీ డొప్పలో నీళ్లు పోసి అందులోనే చేతులు కడిగించారు. అలా కడిగితేనే వేళ్ల వాసన వదులుతుందని అక్కడివాళ్ల నమ్మకం. సబ్బు ముట్టుకోనిచ్చేవారు కాదు.

కీమో మొదలయ్యాక ఆవిడకి తిండి మీద ధ్యాసే పోయింది. అలాంటిది పోయేముందు డూరియన్ కావాలని అడిగారు. మా ఆయన సియాటిల్ దాకా డ్రైవ్ చేసి ఫ్రోజెన్ పండు తెచ్చారు. మంచు కరిగేసరికి ఇల్లంతా గుప్పుమంది. చెంచాతో కాస్త నాలుక మీద పెట్టాను. చప్పరించి నా మొహంలోకి చూశారు.

"వాసన వస్తోందా అమ్మా?"

"వస్తోందత్తయ్యా, వీధి చివరిదాకా."

"మరి నాకు రావట్లేదే?"

దిండు సర్దాను. ఆ మాటే ఇప్పటికీ నన్ను తినేస్తోంది. నోరు తెరిచి ఏదీ అడగని మనిషి ఆఖరికి ఒక్క పండు అడిగితే, అదీ దక్కలేదు. దేవుడి మీద కోపంగా ఉంది.

నిన్న చుట్టాలు వెళ్లాక మా ఆయన ఫ్రీజర్‌లోంచి మిగిలిన సగం తీశారు. పారేస్తారేమో అనుకున్నాను. గరాజ్‌లో అత్తయ్య కూర్చునే చోటే పేపర్ పరిచారు. ఇద్దరం కూర్చుని తిన్నాం. రుచి ఏమాత్రం తగ్గలేదు, అదే బాధ. ఆయన డొప్పలో నీళ్లు పోసి, చేతులు కడుక్కుని, నా వైపు జరిపారు.

"కడుక్కో. అమ్మ ఉంటే తిట్టేది."

నేను చెయ్యి చున్నీలో దాచుకున్నాను.