సారు చేతికందే బంతి

మెదక్‌లో ఆఫీసర్లు టెన్నిసు ఆడుకునే క్లబ్బులో మా నాయిన మార్కరు. పొద్దున్నే కోర్టుకు నీళ్లు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీయడం ఆయన పని. జోడీ దొరకని సారు ఎవరైనా వస్తే తానే ఎదురు నిలబడి ఆడేవాడు. అమ్మ లేదు కనుక నేను బడికి పోకుండా ఆయన వెంట కోర్టుకు పోయాను. అక్షరాలు నలభై దాటాక గానీ రాలేదు. రాకెట్టు మాత్రం చిన్నప్పుడే పట్టుకున్నాను.

మార్కరు ఆటకు ఒక మర్యాద ఉంది. బంతి సారు కుడిచేతి పక్కకే, నడుము ఎత్తున పోవాలి. ఆయన పరుగెత్తకూడదు. ఒకసారి నేను ఒక ఇంజినీరు సారుకు ఎడమ మూలకు కొడితే ఆయన తూలిపడబోయారు.

"సారు కసరత్తు చేయనీకొచ్చిండు బిడ్డా, ఓడిపోనీకి గాదు. చేతికందియ్యి" అన్నాడు నాయిన.

"ఉండనీ. నీ కంటె నీ బిడ్డ మొండిది. పోటీలకు తోలు" అని ఆ సారు నవ్వారు. తన పాత రాకెట్టు నాకిచ్చి, హైదరాబాదు పోటీల్లో పేరు రాయించింది ఆయనే.

కొన్నేళ్లు తిరిగాను. చిన్న ఆటలు గెలిచేదాన్ని, పెద్దవి చేజారేవి. చివరికి హైదరాబాదులో ఒక్క ఆట మిగిలింది. అది గెలిస్తే ముఖ్య పోటీలో చోటు, ఒక కంపెనీ జట్టులో ఉద్యోగం. ఓడితే మళ్లీ మెదక్ వచ్చి, ముసలివాడవుతున్న నాయిన స్థానంలో సార్లకు బంతులు అందించడమే. నాకు ఇంకో పని రాదు.

ఆ రోజే తెలంగాణ కోసం బందు. బస్సులు లేవు. నాయినా నేనూ పాల వ్యాను ఎక్కాం. నర్సాపూర్ అడవి దగ్గర రోడ్డు మీద కూర్చున్న పిల్లలు వ్యాను ఆపి నా రాకెట్టు చూశారు.

"బందు దినం గూడ ఆటలేందక్కా?"

"ఓడిపోతె నా బతుకే బందు తమ్మీ" అన్నాను.

"అట్లయితె పో. ఓడిపోయొస్తె గీ తొవ్వల రానియ్యం" అని నవ్వి జరిగారు.

ఎదుటి అమ్మాయి నగరంలో ఒక కోచింగు సెంటరు పిల్ల. నా కంటే చిన్నది. చెరో సెట్టు గెలిచాం. మూడో సెట్టులో ఆమె కాలు మడత పడింది. కుంటుతూ కుడి పక్కనే నిలబడిపోయింది. ఎడమ పక్క కోర్టంతా ఖాళీ. నాకు అది కనబడుతూనే ఉంది. అటు కొట్టాలని చేయి ఎత్తుతాను. బంతి పోయి ఆమె కుడిచేతికి, నడుము ఎత్తున అందుతుంది. ఆమె కదలకుండానే గట్టిగా కొట్టేది. పళ్లు బిగించి మూలకు కొడితే గీత దాటి పడేది.

కోర్టు చుట్టూ ఉన్న ఇనుప జాలీ అవతలి నుంచి నాయిన కేక వేశాడు. "ఎడమ పక్కకు గొట్టు బిడ్డా, ఎడమ పక్కకు."

ఆట మధ్యలో చెప్పకూడదని అంపైరు మందలించాడు. నాయిన చేతులు జోడించి కూర్చుండిపోయాడు. తరువాతి బంతి కూడా ఆమె చేతికే ఇచ్చాను. ఆట అయిపోయింది.

నెట్టు దగ్గర ఆ పిల్ల నా చేయి పట్టుకుంది. "మీతోని ఆడితె మస్తుంటదక్కా. బాల్ ఏడ గావాల్నంటె గాడికే వస్తది." ఎగతాళి కాదు. నిజంగానే మెచ్చుకుంది.

ఆమె కోచ్ కూడా వచ్చాడు. "మా పిల్లలతోని రోజు ఆడ్తవా అమ్మా? జీతమిస్తం, ఉండనీకి రూమిస్తం."

నాయిన ముఖం వెలిగింది. వెంటనే నన్ను చూసి తల దించుకున్నాడు. "నీ ఇష్టం బిడ్డా" అన్నాడు.

"సరే సార్" అన్నాను.

అప్పటి నుంచి నా బతుకు టెన్నిసుతోనే. నాతో ఆడి చేయి కుదుర్చుకున్న పిల్లలు ముఖ్య పోటీలకు పోయారు. నేను మళ్లీ ఏ పోటీకీ పేరు ఇవ్వలేదు. మధ్యాహ్నం కోర్టు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కదాన్నే ఎడమ మూలకు కొడుతుంటాను. బంతి గీత మీదే పడుతుంది. మళ్లీ మళ్లీ అక్కడే పడుతుంది. అవతల మనిషి వచ్చి నిలబడితే మాత్రం చేయి నా మాట వినదు.