చెడగొట్టి చూడమన్న సారు

మా సారు పోయారని ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాయన పోయినాడక్కా" అంది. నేనప్పుడు అనంతపురంలో మా వర్క్‌షాపులో ఉన్నాను. ఎదురుగా కంప్యూటరు తెర పచ్చగా ఉంది. సారు ఉంటే దాన్ని చూసి మొహం చిట్లించేవారు.

పాలిటెక్నిక్‌లో నాకు ప్రోగ్రామింగ్ నేర్పింది ఆయనే. రిటైరయ్యాక నన్ను వెంటేసుకుని రైతుల బోరు మోటార్లకు పెట్టెలు తయారుచేశారు. బోరులో నీళ్లు అయిపోగానే పెట్టె మోటారును ఆపాలి. లేకపోతే అది ఉత్తగా తిరిగి కాలిపోతుంది. పెట్టెలోని ప్రోగ్రాముకు మేం చిన్నచిన్న పరీక్షలు రాసేవాళ్లం. ఒక్కటి తప్పినా తెర ఎర్రబడుతుంది, లేదంటే పచ్చగా ఉంటుంది.

పచ్చగా వచ్చిందని నేను సంబరపడుతుంటే, సారు కళ్లద్దాలు నెత్తిమీదకు తోసి "ఏదీ, ఒకటి చెడగొట్టు" అనేవారు. ప్రోగ్రాములో కావాలని ఒక తప్పు పెట్టాలి. తెర ఎర్రబడితేనే ఆయనకు నమ్మకం. తర్వాత నన్ను జరగమని, ఆ తప్పును తన చేత్తో సరిచేసేవారు. చెడగొట్టినవాళ్లకే వదిలేస్తే మరిచిపోతారని ఆయన అనుమానం. ఈ చాదస్తానికి నాకు ఒళ్లు మండేది. చాలాసార్లు మొహం మీదే అనేశాను కూడా.

వజ్రకరూరు దగ్గర ఒక రైతుకు చీనీతోట, అదే బత్తాయి తోట, ఉంది. ఎండలు ముదిరిన రోజులు. ఒక మోటారు అప్పటికే కాలిపోయింది. రెండోది కూడా కాలితే చెట్లు దక్కవు. మేం వాడే పాత చిప్పు బజారులో దొరకడం మానేసింది. కొత్త చిప్పుకు అదే భాష వచ్చు గానీ మాండలికం వేరు. మన తెలుగుకు ఉన్నట్టే కంప్యూటరు భాషలకూ మాండలికాలుంటాయి. ప్రోగ్రామునూ పరీక్షలనూ సారే స్వయంగా కొత్త మాండలికంలోకి మార్చారు. తెర పచ్చగానే వచ్చింది.

పెట్టె బిగించాం. కరెంటు వచ్చే వేళయింది. రైతు స్టార్టరు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"ఇంగా ఏం చూస్తాండారు సారూ? చెట్లు వాడిపోతాండాయి."

సారు ఒకటి చెడగొట్టమని నాతో అన్నారు. ఇక్కడా ఇదేనా అని విసుక్కుని, రాసింది మీరే కదా అన్నాను.

"నేనే రాసినా కాబట్టే చెప్తాండామ్మా."

ప్రోగ్రాములో నీళ్లను కనిపెట్టే వరుసను మొత్తం తీసేసి పరీక్షలు నడిపాను. తెర పచ్చగానే ఉంది. ఇంకో వరుస తీశాను. పచ్చగానే ఉంది. పాత మాండలికంలో ఫైలు తెరిస్తే చాలు, పరీక్షలు వాటంతటవే నడిచేవి. కొత్తదానిలో నడపమని విడిగా చెప్పాలి. అది మాకు తెలియలేదు. ఒక్క పరీక్షా జరగలేదు కాబట్టి ఒక్కటీ తప్పలేదు.

అంతలో కరెంటు వచ్చింది. సారు గబగబా వెళ్లి రైతు చెయ్యి పట్టుకున్నారు.

"వద్దప్పా. తప్పు నాది. ఈ పొద్దు ఈ పెట్టె పెట్టను."

రైతు నోటికొచ్చినట్టు తిట్టాడు. పెట్టెను పీకించి, మోటారు తానే వేసుకుని, నీళ్లు ఎప్పుడు ఆగిపోతాయోనని పైపు దగ్గరే కూర్చున్నాడు. మేం చీనీచెట్టు కింద కూర్చుని ఈసారి పరీక్షలను నిజంగా నడిపాం. ఒకటి ఎర్రబడింది. పాత మాండలికంలో సున్నా అంటే లేదని అర్థం. కొత్తదానిలో సున్నాను కూడా ఉన్నట్టే లెక్కేస్తారు. బోరులో నీళ్లు సున్నా అయినా, ఉన్నాయనుకుని మోటారు తిరుగుతూనే ఉండేది. సారు ఆ ఎరుపును చూసి, "ఇప్పుడు మనసు నెమ్మదిగా ఉండాది" అన్నారు.

సరిచేసిన పెట్టెను ఆ తర్వాత బిగించాం. మరుసటి వేసవిలో ఆ బోరు ఒట్టిపోయింది. మోటారు మాత్రం కాలలేదు. బోరు మళ్లీ ఊరేదాకా రైతు తోటకు ట్యాంకరుతో నీళ్లు తోలుకున్నాడట. సారును సాగనంపిన రోజు ఆ రైతు అందరికంటే వెనక నిలబడి, తలగుడ్డ చేతిలో పట్టుకుని ఏడ్చాడు.

అక్కణ్నుంచి నేను వర్క్‌షాపుకే వచ్చాను. తెల్లారితే విడపనకల్లు పోవాల్సిన పెట్టె బల్లమీద ఉంది. తెర ఇంకా పచ్చగానే ఉంది. నీళ్లను కనిపెట్టే వరుస తీసేసి పరీక్షలు నడిపాను. తెర ఎర్రబడింది.

సారు వచ్చి సరిచేస్తారని, అలవాటుగా కుర్చీ పక్కకు జరుపుకున్నాను.