డిక్కీలో వెట్ గ్రైండర్

కిందటి జూలైలో, న్యూజిలాండ్‌ చలికాలంలో, పెద్దకూతురు, అల్లుడితో కారులో ఆక్లాండ్ నుంచి వెల్లింగ్టన్ వెళ్తున్నాను. ఊళ్లు లేని డెజర్ట్ రోడ్డు మధ్య టైరు పగిలింది. ఫోనుకు సిగ్నల్ లేదు. బయట రెండు డిగ్రీలు. నా ఒడిలో అయిదు నెలల మనవరాలు.

స్పేర్ టైరు ఇంట్లోనే ఉంది. వెల్లింగ్టన్‌లో ఉండే చిన్నమ్మాయికి వెట్ గ్రైండర్ పట్టుకెళ్లాలని, టేపుతో డిక్కీ కొలిచి, ఆ టైరును తీయించింది నేనే.

దారిన పోయే ఒకాయనతో, కారును లాక్కెళ్లే ట్రక్కు కోసం కబురు పంపాం. పెట్రోలు తక్కువని హీటరు ఆపేశాం. రెండు గంటల నలభై నిమిషాలు పాప చేతులు రుద్దుతూ కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

టోయింగ్ ట్రక్కు డ్రైవరు డిక్కీలోకి చూసి, "టైరు బదులు ఈ రాయి తగిలిస్తారా?" అని ఇంగ్లిషులో అడిగాడు.

"తీసేసింది నేనే," అన్నాడు అల్లుడు. తర్వాత నాతో, "అత్తయ్యా, ముందు మీరు ట్రక్కెక్కండి, వెచ్చగా ఉంటుంది," అన్నాడు.

తప్పు నాదని ఆ రోజు చెప్పకుండానే ట్రక్కెక్కాను. ఇప్పుడు రాస్తున్నాను.