ఎడమకు తిరిగిన డీఎన్ఏ

మా బడి ముందర డీఎన్ఏ శిల్పం పెట్టాలన్న ఆలోచన హెడ్మాస్టరుది. అదెట్లా ఉండాలో చెప్పే పని నాది. నంద్యాలలో ఇరవై రెండేళ్లుగా జీవశాస్త్రం చెప్తున్నాను కాబట్టి, నాకు తెలుసని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఆళ్లగడ్డలో దేవుళ్ల విగ్రహాలు చెక్కే పెద్దాయన ఒప్పుకున్నాడు. ఆయనకు ఫోన్లో ఒక బొమ్మ పంపాను. రెండు తీగలు మెలిపడి, మధ్యలో మెట్లతో, పైకి పోతుంటాయి. ఏదో షాంపూ ప్రకటనలోది. చూడ్డానికి బాగుందని తీసుకున్నాను.

మర్నాడు ఆయన ఫోన్ చేశాడు.

"మేడం, ఇది ఎటు తిరగాల? కుడికా, ఎడమకా?"

"బొమ్మలో ఎట్లుంటే అట్లే చెక్కన్నా. ఎటు తిరిగినా ఒకటే."

"శంఖమైతే ఒకటే కాదు మేడం. వాటం తప్పితే గుడోళ్లు వెనక్కి పంపిస్తారు. అందుకే అడుగుతాండా."

"ఇది శంఖం కాదులే అన్నా" అన్నాను.

రెండు నెలల తర్వాత బస్సెక్కి పోయాను. షెడ్డులో వినాయకుడికీ ఆంజనేయుడికీ మధ్య మా డీఎన్ఏ నిలబడి ఉంది. నల్లరాయి, నా భుజాలెత్తు. మెట్ల మధ్య రాయంతా తీసేసి, ఇటు నుంచి చూస్తే అటు వెలుతురు కనబడేట్టు చెక్కాడు. తడిమితే ఎక్కడా గరుకు లేదు.

మెట్ల సంగతి వివరిద్దామని పాఠ్యపుస్తకం తెరిచి పక్కన పెట్టాను. పుస్తకంలోది ఒకవైపు తిరుగుతోంది, రాయి ఇంకోవైపు. పుస్తకాన్ని తలకిందులు చేశాను. అయినా అంతే.

"ఏందీ మేడం, పుస్తకాన్ని అట్ల తిప్పుతాండారు?"

"ఇది కుడివాటం ఉండాలన్నా. నేను పంపిన బొమ్మే తప్పు."

ఆయన ఉలి పక్కన పెట్టాడు. "నేను అడిగితి కదా."

"అడిగినావు."

ఆయన టీ తెప్పించాడు. తిట్టినా బాగుండేది.

స్పీకరు పెట్టి హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను. "తలకిందులుగా నిలబెడితే సరిపోదా?" అన్నారు. సరిపోదని చెప్పడానికి మాటలు వెతుక్కుంటుంటే, పెద్దాయన డబ్బాలోంచి ఒక బోల్టు తీసి నా ముందర పట్టుకున్నాడు. నిలువుగా చూపించి, తిరగేసి మళ్లీ చూపించాడు. మరలు అదే వాటం. ఆ పాఠాన్ని అంత తేలిగ్గా నేనెప్పుడూ చెప్పలేదు.

రెండో రాయి నేనే కొనిచ్చాను. ఆయన మళ్లీ మొదట్నించి చెక్కాడు. మొదటిదాన్ని నంద్యాల బట్టల వ్యాపారి ఒకాయన జంట నాగులనుకుని తీసుకుపోయాడు. "పాములు కాదప్పా" అని పెద్దాయన చెప్పినా వినలేదట. మహానంది పోయే దారిలో వాళ్లింటి ముందర పెట్టుకున్నారు. పసుపు, కుంకుమ బాగానే పడుతున్నాయి.

బడిలో ఆవిష్కరణ రోజు ముఖ్య అతిథిగా వచ్చినాయన నన్ను తెగ పొగిడారు. నేను మైకు తీసుకుని, శిల్పి అడిగారని, నేనే పట్టించుకోలేదని, తప్పు నాదని పిల్లలందరి ముందరా చెప్పాను. పెద్దాయన ముందు వరసలో తెల్లచొక్కాతో కూర్చుని నేల చూస్తున్నాడు.

అందరూ పోయాక నా దగ్గరికొచ్చాడు.

"మేడం, ఇది మనుషులందర్లో ఇట్లే తిరుగుతాదా?"

"అందర్లోనూ అన్నా. చెట్లల్లో, గొడ్లల్లో గూడా."

"అన్నిట్లో కుడికే యెందుకు?"

"మొదట్లో అట్లెందుకు తిరిగిందో మాకూ సరిగ్గా తెలీదు."

ఆయన తలూపాడు. శిల్పానికి వేసిన దండను కొంచెం పక్కకు జరిపి, దానికింద అంటిన దుమ్మును కండువాతో తుడిచాడు.