చిలుము వదిలిన గొడ్డలి

బల్కంపేట ఎల్లమ్మ గుడి వెనక సందులో కంచరి సారయ్యకు చిన్న కొట్టుంది. గంటలు, దీపపు కుందులు పోస్తాడు, పాత సామాను తోమి మెరుగు పెడతాడు. బేరంలో గట్టివాడే, ఎవరి మాటా ఓ పట్టాన నమ్మడు. విజయేందర్ మాట మాత్రం వేరు. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ. సారయ్య తల్లి మంగవ్వ ఇద్దరికీ ఒకే కంచంలో అన్నం కలిపి పెట్టేది. ఇప్పుడు విజయేందర్ అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటర్లో చరిత్ర చెబుతున్నాడు.

కిందటేడు అతను కొట్టుకొచ్చి ఫోన్లో ఫొటోలు చూపించాడు. ఎప్పుడో మూడు వేల ఏళ్ల కిందట యూరప్‌లో జనం పోసిన కంచు గొడ్డళ్లవి. కొన్నింటితో ఒక్క దెబ్బయినా కొట్టకుండా కుప్పలుగా భూమిలో పాతేశారట.

"గంత కష్టపడి పోసి పాతుడేందిరా?" అన్నాడు సారయ్య.

"దేవునికి ఇచ్చిండ్రని కొందరంటరు. మా పిల్లలు చేతుల పట్టుకొని సూస్తే పాఠం మంచిగ ఎక్కుతది. ఒకటి పోసియ్యరాదు?"

సారయ్యకు ఆ సంగతి మనసుకు పట్టింది. ఎక్కడో చలిదేశంలో తనలాంటివాడే కొలిమి ముందు చెమటోడ్చాడనుకుంటే, వాడెవడో చుట్టంలా అనిపించాడు. బజారు తుక్కు వెయ్యడానికి చెయ్యి రాలేదు. చనిపోయిన తల్లి కంచు కంచం కరిగించి గొడ్డలి పోసి, మెరుగు పెట్టి విజయేందర్ చేతిలో పెట్టాడు. భార్య పోచమ్మ మొత్తుకుంటే, "వాడు బయటోడా? గా కంచంల తినలేదా?" అని కసిరాడు. ఎంత పిచ్చి నమ్మకమో చూడండి.

ఈ శ్రావణంలో పంజగుట్ట నుంచి రామ్మోహనరావు గారు కబురు పెట్టారు. మర్నాడు వాళ్లింట్లో వ్రతం, ఊళ్లో పెద్దలంతా వస్తారు. ఇత్తడి, కంచు సామాను తళతళలాడాలి. పనిమనిషి ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చి బాల్కనీలో కుప్ప పోసింది. అద్దాల బీరువాలో ముఖమల్ గుడ్డ మీద ఉన్న పచ్చటి గొడ్డలిని కూడా వదల్లేదు.

చిలుము పట్టిన కంచు కనబడితే కంచరి చెయ్యి ఊరుకుంటుందా? సారయ్య చింతపండు, ఉప్పు పట్టించి రుద్దాడు. సగం పచ్చ ఊడాక చెయ్యి ఆగిపోయింది. కిందటేడు గొడ్డలి పోసేందుకు చేసిన మైనపు అచ్చు మీద నొక్కుకుపోయిన తన బొటనవేలి గుర్తు, గొడ్డలి మీద అచ్చంగా అలాగే ఉంది.

అంతలో రామ్మోహనరావు గారు వచ్చి గుండె పట్టుకున్నారు. "ఏం చేశావయ్యా! మూడు వేల ఏళ్ల నాటిదది! యూరప్ నుంచి తెప్పించింది!"

"కాదు సార్. పోయినేడు నేనే పోసిన. మా విజయేందర్ పిల్లలకు సూపిస్తనంటే."

ఆయన మొహం పాలిపోయింది. తనకు ఆ గొడ్డలి అమ్మింది విజయేందరే. వెంటనే అతనికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టి, సారయ్య అన్న మాట చెప్పారు. సారయ్య ఫోన్ దగ్గరికి జరిగాడు. ఏదో పొరపాటు జరిగిందని వాడంటే చాలు, అంతా మర్చిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

"సారయ్యనా? ఆ పేరున్నోళ్లు నాకెవరూ తెల్వదు సార్," అంది ఫోన్. "ఇట్లాంటోళ్లు మస్తు మంది ఉంటరు. పోలీసులకు పట్టియ్యండి."

"అరే విజయేందరూ, నేన్రా..."

ఫోన్ కట్టయింది. నలభై అయిదేళ్ల మనిషి, సారయ్య, ఆ బాల్కనీలో చింతపండు చేతుల్తోనే మొహం కప్పుకున్నాడు. కళ్లు భగ్గున మండాయి. ఏడ్చేందుకు ఆ సాకు దొరికింది.

రామ్మోహనరావు గారు కాసేపు అటూ ఇటూ తిరిగారు. నిజం ఆయనకూ అర్థమైంది. పక్కకొచ్చి గొంతు తగ్గించారు.

"చూడు సారయ్యా, అయిందేదో అయింది. రేపు వచ్చేవాళ్లందరికీ దీని గురించి చెప్పేసుకున్నాను. ఆ పచ్చ మళ్లీ పట్టించగలవా?"

సారయ్య తలెత్తి ఆయన్ని తేరిపార చూశాడు.

"గా పని ఆయనకే మంచిగొచ్చు సార్. ఫోన్ చేసి అడుగుండ్రి. మీరంటే గుర్తువడతడు."