జంట అచ్చు

మా బాబాయి బడుల్లో పెట్టే మూత్రపిండాల బొమ్మలు చేస్తాడు. గుండెలు, ఊపిరితిత్తులు చేసేవాళ్లు వేరే ఉన్నారు. ఆయన వాటాకు ఇవే వచ్చాయి. ఏనాడూ ఒక్క పాఠం చెప్పకపోయినా వీధివాళ్లు ఆయన్ని కిడ్నీల మాస్టారు అంటారు.

ఇంటి ముందుగదే ఆయన పనిగది. రబ్బరు అచ్చులో రెండు గుంటలుంటాయి. పైన కాలేయం చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కుడివైపుది కాస్త కిందికి. ఎడమది నిలువునా కోసినట్టుంటుంది: వడపోత జరిగే పై పొర, దాని కింద గోపురాల్లాంటి ముద్దలు, మధ్యలో గరాటులాంటి సంచి, అందులోంచి దిగే గొట్టం. రంగులు వేసేది పిన్ని. నెత్తురు తెచ్చే నాళానికి ఎరుపు, శుభ్రపడిన నెత్తురు తీసుకెళ్లే నాళానికి నీలం, మూత్రం దిగే గొట్టానికి పసుపు. ఆమె కుంచె గీత దాటేది కాదు.

కిందటేడు ఆ చేతులు వాచాయి. తర్వాత కాళ్లు, మొహం. స్కాన్‌లో ఆమె కిడ్నీలు రెండూ ఎండిన చిక్కుడుగింజల్లా ముడుచుకుపోయి కనిపించాయి. అప్పటినుంచి రోజు విడిచి రోజు ఆసుపత్రిలో నెత్తురు శుభ్రం చేసే మిషన్ పక్కన పడుకుని వస్తోంది. దాహమేసినా గుటకలు లెక్కపెట్టుకుని తాగాలి. ఎవరైనా ఒకటిస్తే మార్చవచ్చన్నారు. పిల్లల్లేరు. అక్కగా మా అమ్మ ఇద్దామంటే ఆమెకు చక్కెర జబ్బు. మిగిలింది బాబాయి. నెత్తురు కలిసింది.

"కొత్తదాన్ని పొత్తికడుపులో పెడతారట. పాతవి అలాగే ఉంచేస్తారట" అన్నాడు బాబాయి ఆ సాయంత్రం.

"అయితే నాకు మూడు. అచ్చు మార్చుకోండి" అంది పిన్ని. "ఇంతకీ మీది పనిచేస్తుందా, మీలాగే మధ్యాహ్నం కునుకు తీస్తుందా?"

చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

బాబాయికి స్కాన్ తీసిన డాక్టరు తెరవంక చూసి, ఆయన్ని పక్కకు తిరగమని మళ్లీ చూశాడు.

"మీకు పుట్టుకతోనే ఒకటే ఉందండీ. ఎడమవైపు ఖాళీ. కొందరికి అంతే, తెలియకుండానే బతికేస్తారు. ఉన్నదే పెద్దదై రెండింటి పనీ చేస్తోంది."

"సరిగ్గా చూడండి బాబూ. వెనక్కి ఉంటుంది, వెన్ను పక్కన. పేగులు అడ్డొచ్చుంటాయి."

"చూశానండీ."

"పెద్దదైందంటున్నారుగా. అందులో సగం తియ్యరా?"

డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

ఇంటికొచ్చి బాబాయే చెప్పాడు.

"ఇన్నాళ్లూ జతలు జతలుగా చేసి ఊరందరికీ పంచారు. మీకోసం ఒకటి దాచుకోవద్దూ?" అంది పిన్ని.

ఆయన నవ్వబోయాడు. కుదరలేదు.

చనిపోయినవాళ్లది ఏదైనా దొరికితే పిలుస్తామని ఆసుపత్రిలో ఆమె పేరు రాసుకున్నారు. ముందు చాలామంది ఉన్నారని కూడా చెప్పారు. అది ఆశపెట్టుకోవద్దని చెప్పడమేనని ఇద్దరికీ అర్థమైంది.

మర్నాడు బాబాయి ప్లాస్టర్ కలిపి, అచ్చులో ఒక్క గుంటే నింపి గిన్నె కింద పెట్టేశాడు. మంచం మీదనుంచి పిన్ని చూసింది.

"రెండోది పొయ్యలేదేం?"

"చెయ్యి రావట్లేదే."

"బడివాళ్లు తిప్పి పంపుతారు. గిన్నెలోనే గట్టిపడిపోతుంది, పొయ్యండి."

పోశాడు. ప్లాస్టర్ బిగుసుకునేటప్పుడు వేడెక్కుతుంది. ఆమె గోడ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుని, వాచిన అరచెయ్యి దానిమీద ఆనించింది.

"వెచ్చగా ఉందండీ. లోపల ఏదో పనిచేస్తున్నట్టే ఉంది."

కాసేపటికి అది చల్లబడింది. ఆమె చెయ్యి తియ్యలేదు.